నిద్రపోతూ చేపలు పట్టే ఉపాయం

ఆ రోజుల్లో నన్నెవరైనా కూర్చోబెట్టి "నీకు జీవితంలో ఏం కావాలి నాయనా?" అని అడిగి ఉంటే, సొంతిల్లనీ కారనీ మంచి సంబంధమనీ చెప్పేవాణ్ణి కాదు. రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేవాలి, అంతకు మించి ఏమీ వద్దు అనేవాణ్ణి. ఎవరూ అడగలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు ఎక్కించే షెడ్డులో నాకు ఉద్యోగం. (కంపెనీ పేరెందుకు లెండి. ఆ మూడేళ్ళలో ఆ పేరు రెండుసార్లు మారింది, నా డ్యూటీ వేళ మాత్రం మారలేదు.) మూడేళ్ళుగా రాత్రి డ్యూటీయే. అందరూ దుప్పట్లు కప్పుకునే వేళకి నేను బూట్లు తొడుక్కునేవాణ్ణి. అందరూ టిఫిన్లు తినే వేళకి ఇల్లు చేరి, పప్పూ చారూ కలుపుకుని రాత్రి భోజనం చేసేవాణ్ణి. బడంగ్‌పేట్‌లో మా కాలనీ అప్పుడప్పుడే లేస్తోంది. అంటే పగలల్లా ఒక వైపు బోరు వేస్తుంటారు, ఇంకో వైపు పాలరాయి కోస్తుంటారు, మధ్యలో కూరగాయల ఆటోవాడు మైకులో టమాటాల గురించి ఉపన్యాసం ఇస్తుంటాడు. ఆ మోతలో పడుకునేవాణ్ణి అనడం కంటే పడి ఉండేవాణ్ణి అనడం నయం. పగలంతా లుంగీతో కళ్ళు నులుముకుంటూ వరండాలో కనిపించే నన్ను చూసి పక్కింటివాళ్ళు, పాపం చదువుకుని ఖాళీగా ఉన్నాడని మా అమ్మ దగ్గర జాలిపడేవారు. అమ్మ కాదనేది కాదు. "రాత్రి ఉద్యోగం అంటే వాచ్‌మన్ అనుకుంటారురా, దానికంటే ఖాళీగా ఉన్నావనుకోవడమే మర్యాద" అనేది.

చేసే పని కష్టమైనదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. బెల్టు మీద మందుల పెట్టెలు వరసగా వస్తుంటాయి. నా చేతిలో స్కానరు ఉంటుంది. పెట్టె మీద అంటించిన కాగితానికి దాన్ని చూపించాలి. అంతా సరిగ్గా ఉంటే స్కానరు 'బీప్' అని చిన్నగా కూస్తుంది. అప్పుడు నేను "ఓకే, తొయ్యి" అనాలి, అవతలివాళ్ళు పెట్టెను ముందుకు తోస్తారు. తేడా ఉంటే గేదె అరిచినట్టు పొడుగ్గా అరుస్తుంది, అప్పుడు పెట్టెను పక్కన పెట్టాలి. ఇంతే. బీప్, ఓకే తొయ్యి. బీప్, ఓకే తొయ్యి. తెల్లవార్లూ ఇదే మంత్రం. మూడేళ్ళకి నాకు బస్సులో నిలబడి నిద్రపోవడం వచ్చింది, అన్నం నములుతూ నిద్రపోవడం వచ్చింది, ఒకసారి మా మేనమామ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుండగా చేతులు జోడించి కథ మొత్తం నిద్రపోయాను. (అంత భక్తిగా విన్నవాడు ఇంకొకడు లేడని పురోహితుడు మెచ్చుకున్నాడు.) నవ్వులాటకి చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు నిజంగా భయం వేసేది. నిద్ర లేక ఒళ్ళు కాదు, బుర్ర పోతోందనిపించేది. ఇంటి తాళం ఎక్కడ పెట్టానో, స్నానం చేశానో లేదో, మా అమ్మ ఏమడిగిందో ఏదీ నిలిచేది కాదు. అలాంటి సమయంలో పగటి డ్యూటీలో కాగితాలు చూసే కుర్చీ ఒకటి ఖాళీ అవబోతోందని తెలిసింది. అందులో కూర్చునే మేడమ్‌కి పెళ్ళి కుదిరింది. ఆ పెళ్ళికి ఆవిడకంటే నేనే ఎక్కువ సంతోషించి ఉంటాను.

ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో పేరు రాసి పంపేది మా షిఫ్టు ఇన్‌చార్జి. ఆయన్ని అందరం చాటుగా గాలం సారు అనేవాళ్ళం. పాల్మాకుల ఆయన ఊరు, వ్యవసాయం చేసే కుటుంబం. సన్నగా పొడుగ్గా ఉండేవారు, తెల్లవార్లూ షెడ్డులో అటూ ఇటూ నడిచేవారే తప్ప కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆదివారం సెలవు. శనివారం రాత్రి డ్యూటీ దిగితే ఇంటికి పోకుండా, అట్నుంచటే ఊరి చెరువుకి వెళ్ళి మధ్యాహ్నం దాకా చేపలు పట్టేవారు. ఇది నాకు చెప్పింది కాంటా అన్న. సాతంరాయి ఊరివాడు, పెట్టెలు తూకం వేసే కాంటా దగ్గర ఉంటాడు, ప్రపంచంలో అందరి సమస్యలకీ ఆయన దగ్గర సలహా ఉంటుంది. "ఏంది తమ్మీ, గంత ఆలోచన చేస్తున్నవ్? సారుకు చాపలంటే పానం. నువ్వు గోదారోనివి గదా, నీకు రాని ఇద్దెనా? జర పోయి సారు పక్కన కూసో. రెండు చాపలు పట్టి సూపిచ్చినవనుకో, కుర్సీ నీదే" అన్నాడు. ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పుకోవాలి. గోదావరి జిల్లా మా నాన్నది. నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లోనే. గోదావరిని రైలు కిటికీలోంచి చూసి చిల్లర నాణెం వేసిన పరిచయం తప్ప ఇంకేమీ లేదు. చేపకీ నాకూ ఉన్న సంబంధం పులుసు దగ్గర మొదలై పులుసు దగ్గరే ముగుస్తుంది. కానీ ఆ మాట కాంటా అన్నతో అనలేదు. ఆ శనివారం డ్యూటీ దిగుతుండగా సారు నన్ను ఆపి, "ఏం గోదారి, నీకు గాలం వేసుడు వస్తదంట గదా. మీ దిక్కు ఎట్ల పడ్తరు?" అని అడిగారు. నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "మావైపు పద్ధతి వేరండి" అన్నాను. ఆ ఒక్క ముక్క మీద తొమ్మిది వారాలు బతికాను.

మొదటి ఆదివారం సారు స్కూటర్ వెనక కూర్చుని చెరువుకి వెళ్ళాను. చెరువు మత్స్యకారుల సంఘం వాళ్ళది, సారు వాళ్ళ దగ్గర అనుమతి చీటీ తీసుకుని ఉంచారు. చేపల్లో బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు బాగా పెరిగాయట. పల్లి చెక్కా తవుడూ కలిపి సారు ఎర కోసం ముద్ద చేస్తుంటే, మావైపు పద్ధతి వేరు కాబట్టి నేను ఊరికే తలాడించాను. నా దగ్గర ఒక పాత గాలం కర్రా, దారానికి కట్టిన ఎర్ర బెండూ ఉన్నాయి. చేప ఎర ముడితే నీళ్ళ మీద బెండు కదులుతుంది, మింగితే మునుగుతుంది. చాలా తేలికైన ఏర్పాటు, ఒక్కటే చిక్కు. దాన్ని చూస్తూ కూర్చోవాలి. రాత్రంతా మేలుకున్నవాణ్ణి తెచ్చి చల్లగాలిలో కూర్చోబెట్టి, మెరిసే నీళ్ళలో మెల్లమెల్లగా పైకీ కిందికీ ఊగే బెండుని చూడమంటే వాడేం చేస్తాడు? నేను అదే చేశాను. ఒకసారి ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి బెండు లేదు. మింగేసిందిరా అనుకుని ఒళ్ళంతా బలం చేసుకుని ఒక్క గుంజు గుంజాను. పది అడుగుల అవతల సారు చేతిలో ఉన్న కర్ర ఎగిరి నీళ్ళలో పడింది. నా బెండు ఎప్పుడో కొట్టుకుపోయి ఆయన దారానికి చుట్టుకుందన్నమాట. సారు ప్యాంటు పైకి మడిచి నీళ్ళలోకి దిగి కర్ర తెచ్చుకుని, "మీ దిక్కు చాపల్ని ఇడిసిపెట్టి పక్కోని గాలాన్ని పడ్తరా?" అన్నారు. నేను వినయంగా నవ్వాను. ఆయనకి కోపం వచ్చిందో లేదో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

కాంటా అన్న దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. "బెండు ముసలోళ్ళకు తమ్మీ. నువ్వు గంట పెట్టు. కన్ను మూసినా చెవి పనిచేస్తది గదా" అన్నాడు. కర్ర చివర పట్టుకుని ఉండే చిన్న ఇత్తడి గంట అది. చేప దారం లాగితే కర్ర చివర వంగుతుంది, గంట మోగుతుంది. ఈ ఉపాయం నాకు తెగ నచ్చింది. తర్వాతి ఆదివారం రెండు కర్రలు గుచ్చి, రెండింటికీ గంటలు పెట్టి, నల్ల కళ్ళద్దాలు తగిలించుకుని, మడత కుర్చీలో హాయిగా వెనక్కి వాలాను. గంట మోగింది. లేచి ఉరికాను, కర్ర గుంజాను. ఏమీ లేదు. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ మోగింది, మళ్ళీ ఉరికాను. అలా ఎన్నిసార్లు ఉరికానో లెక్క లేదు. ప్రతిసారీ సారు "ఏమైంది?" అనడం, నేను "పడ్డట్టే పడి జారిపోయింది సార్" అనడం. చివరికి కట్ట మీద మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ నా దగ్గరికొచ్చి, "ఏంది బిడ్డా, నా మేకలు వచ్చినప్పుడల్లా లేసి నిలబడుతున్నవ్? గంత మర్యాద ఏమొద్దు గని కూసో" అంది. అప్పుడు చూశాను. ఆమె మేకల మెడల్లో ఉన్నవీ నా కర్రల మీద ఉన్నవీ ఒకటే రకం గంటలు. సారు అటు తిరిగి దగ్గారు. చాలాసేపు దగ్గుతూనే ఉన్నారు.

ఇలా ఏడు ఆదివారాలు గడిచాయి. ఒక్క చేప పడలేదు సరికదా, ఉన్న ఒక్క పగటి నిద్రా పోయింది. వారమంతా నిద్ర లేదు, నిద్ర సంపాదించుకోవడానికి ఆదివారం కూడా నిద్ర లేదు. ఆ మేడమ్ పెళ్ళి దగ్గరపడుతోంది. ఇంకో ఇద్దరు ఆ కుర్చీ మీద కన్నేశారని కాంటా అన్న చెప్పాడు, అందులో ఒకడు సారుకి రోజూ టీ తెచ్చిస్తున్నాడట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే పాతబస్తీలో గాలాలూ వలలూ అమ్మే దుకాణంలో ఆ యంత్రం చూశాను. సబ్బుబిళ్ళంత పెట్టె, పైన చిన్న గాడి, ఆ గాడిలో చిన్న చక్రం. పెట్టెను ఒక ఊచ మీద బిగించి, గాలం కర్రను దాని మీద ఆనించి, దారం ఆ చక్రం మీదుగా పోయేలా పెట్టాలి. చేప దారాన్ని లాగితే చక్రం తిరుగుతుంది, తిరిగితే పెట్టె కూస్తుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. "భయ్యా, ఇది ఉంటే నువ్వు పండుకున్నా ఫరక్ పడదు, ఇదే లేపుతది" అన్నాడు దుకాణదారు. ఆ మాట వినగానే నాకు దేవుడు కనిపించాడు. దానికి మూడు మరలున్నాయి. ఒకటి చప్పుడు ఎంత గట్టిగా రావాలో, ఒకటి ఎంత చిన్న కదలికకి కూయాలో, మూడోది గొంతు ఎలా ఉండాలో. ఆ మూడో మర తిప్పుతూ ఒక్కో గొంతూ వినిపించాడు. ఒకటి కీచుగా ఉంది, ఒకటి పిచ్చుక అరిచినట్టుంది, ఒకటి అంబులెన్సులా ఉంది. అవేవీ నచ్చలేదు. చివరలో ఒకటి వినిపించాడు. పొట్టిగా, మెత్తగా, ఎక్కడా తొందర లేకుండా. ఎందుకో తెలీదు, ఆ చప్పుడు వినగానే మనసుకి ఎంతో హాయిగా అనిపించింది. ఎక్కడో బాగా తెలిసిన మనిషి పలకరించినట్టుంది. "ఇదే ఉంచు భయ్యా" అన్నాను. (ఆ క్షణంలో నా బుర్ర పనిచేసి ఉంటే ఈ కథ లేదు. పనిచేసే బుర్రే ఉంటే నేను చెరువు గట్టుకే పోయేవాణ్ణి కాదు.)

ఎనిమిదో ఆదివారం దాన్ని బిగించడంతోనే సరిపోయింది. మర ఎక్కువ తిప్పితే గాలికి కూసింది, చిల్లర చేపలు తోక ఆడించినా కూసింది. తక్కువ తిప్పితే నేను చేత్తో దారం లాగినా నోరు మెదపలేదు. దారం వదులుగా వేలాడితే చక్రం తిరగదని, బిగువుగా ఉండడానికి మధ్యలో ఒక చిన్న బరువు వేలాడదీయాలని, దాంతో వచ్చిన కాగితంలో బొమ్మ వేసి ఉంది. మిగతా రాతంతా ఏ దేశం భాషో. సారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. "ఏందిది?" అన్నారు. చేప ముడితే కూస్తుందని చెప్పాను. "కార్లకు పెడ్తరు, ఇండ్లకు పెడ్తరు. ఇగ చాపలకు గూడ పెట్టిన్రా?" అన్నారు. ఆయన దగ్గర ఈ సరంజామా ఏదీ ఉండదు. కర్ర పట్టుకుని, దారం చూపుడువేలి మీద ఆనించుకుని, నీళ్ళవైపు చూస్తూ కూర్చుంటారు. ఏం ముట్టిందో, ఎంతదో ఆ వేలికే తెలిసిపోతుంది. అలా గంటల తరబడి కదలకుండా కూర్చోగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఈయనకి అలుపన్నది లేదా, రాత్రంతా నడిచిన కాళ్ళు నొప్పి పెట్టవా అని అనుకునేవాణ్ణి గానీ అడగలేదు.

తొమ్మిదో ఆదివారం మబ్బు పట్టి ఉంది. సన్నగా గాలి. విమానాలు ఒకదాని వెనకొకటి నెత్తిమీదుగా దిగుతున్నాయి. యంత్రం చూడ్డానికి ఆ రోజు కాంటా అన్న కూడా వచ్చాడు, చేప పడితే అక్కడే వేయించుకుందామని ఉప్పూ కారం పొట్లం కట్టుకొచ్చాడు. అంతకుముందు రాత్రి షెడ్డులో ఎన్నడూ లేనన్ని పెట్టెలు. నాకు కాళ్ళ కింద నేల ఆనడం లేదు. రెండు ఊచలు గుచ్చాను, పెట్టె బిగించాను, దారం చక్రం మీద వేశాను, బరువు వేలాడదీశాను, మరలు మూడూ సరిచూశాను. ఒక్క తప్పు లేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో వాలాను. ఆ తర్వాత జరిగింది నేను చూసింది కాదు. కాంటా అన్న చెప్పగా విన్నది, ఈ పదిహేనేళ్ళలో ఆయన కనీసం వందమందికి చెప్పగా విన్నది.

పావుగంటకి యంత్రం 'బీప్' అందట. కర్ర చిన్నగా వంగింది. నేను కుర్చీలో కదలకుండా, కుడిచేతి బొటనవేలు పైకెత్తి, స్పష్టంగా "ఓకే, తొయ్యి" అన్నానట. చేప తోసుకుంటూ పోయింది. సారు, కాంటా అన్న మొహాలు చూసుకున్నారు. "తొందరపడొద్దంటున్నడు. ఇంత దారం ఇచ్చి, అలిసినంక గుంజుతరేమో. గోదారోళ్ళ పద్ధతి వేరన్నడు గదా" అన్నారట సారు. ఆ మాటలో కొంచెం గౌరవం కూడా ఉందని కాంటా అన్న ఒట్టు పెట్టి చెబుతాడు. ఇంకాసేపటికి రెండోది ముట్టింది. ఈసారి గట్టి చేప. బీప్, బీప్, బీప్ అని వరసగా. నేను కూడా వరసగా "ఓకే తొయ్యి, ఓకే తొయ్యి, ఇంకోటి, ఓకే తొయ్యి" అంటూ, ఎడంచేత్తో గాలిలో పెట్టెలు జరుపుతున్నానట. అప్పుడు సారు తన కర్ర కింద పెట్టి లేచి వచ్చారు. వంగి నా నల్ల కళ్ళద్దాలు మెల్లగా పైకెత్తి చూశారు. కళ్ళు మూసి ఉన్నాయి. నోరు మాత్రం డ్యూటీలో ఉంది. కాంటా అన్న లేపబోతే సారు చెయ్యి అడ్డం పెట్టారట. ఈలోగా రెండోది విడిపించుకుపోయింది, ఇద్దరూ చూస్తుండగానే మూడోది మింగింది. అది బొచ్చెట, దూడంత ఉందట. (ఏటేటా పెరుగుతోంది, అప్పుడు మేకపిల్లంత అనేవాడు.) యంత్రం ఆగకుండా కూస్తుంటే నేను ఆగకుండా తోయించాను. దారం మొత్తం అయిపోయింది, కర్ర ఊచ మీంచి లేచి చెరువులోకి వెళ్ళిపోయింది. కూత ఆగిపోయింది.

అప్పుడు మెలకువ వచ్చింది. మా షెడ్డులో చప్పుడు ఉన్నంతసేపు అంతా బాగున్నట్టు, చప్పుడు ఆగిందంటే బెల్టు ఆగిందన్నమాట. కాబట్టి నా ఒళ్ళు మూడేళ్ళుగా నేర్చుకున్నదేమంటే, బీప్‌కి పడుకోవాలి, నిశ్శబ్దానికి లేవాలి. ఉలిక్కిపడి లేచి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి "ఎవడ్రా బెల్టు ఆపింది?" అని గట్టిగా అరిచాను. ఎదురుగా ఉన్నది సారు. ఆయన వెనక చెరువు. చెరువు మధ్యలో నా కర్ర తనదారిన తాను పోతోంది.

కాంటా అన్న నేల మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. సారు నవ్వలేదు. మడత కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా, "డ్యూటీల గూడ గిట్లనేనా?" అని అడిగారు. అబద్ధం ఆడదామనుకున్నాను. తొమ్మిది వారాలుగా అలవాటైన పనే. కానీ ఆయన అంత దగ్గరగా చూస్తుంటే నోరు రాలేదు. "తెలీదు సార్. నిజంగా నాకు తెలీదు. పొద్దున్న దిగేటప్పుడు రాత్రి ఏం చేశానో గుర్తుండటం లేదు" అన్నాను. అన్నాక ఆపుకోలేకపోయాను. నాది గోదావరి కాదనీ, చేపలు పట్టడం నా తాతలకి కూడా రాదనీ, పగటి కుర్చీ కోసం ఇదంతా చేశాననీ, నాకు చేపలు వద్దు, కుర్చీ కూడా వద్దు, ఒక్కసారి కడుపునిండా నిద్రపోతే చాలనీ చెప్పేశాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, కళ్ళు తుడుచుకున్నాను కూడా. సారు లేచి, తన భుజం మీది తువ్వాలు తీసి తుమ్మచెట్టు కింద పరిచారు. "పండుకో" అన్నారు. నేను కదలకపోతే, "చెప్తున్నగా, పండుకో. ఇగ ఎవ్వరు లేపరు" అన్నారు. వెళ్ళి యంత్రం మర తిప్పి ఆపేశారు.

లేచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అంత నిద్ర ఆ మూడేళ్ళలో ఎప్పుడూ పోలేదు. కాంటా అన్న ఎలాగో ఈదుకుంటూ వెళ్ళి కర్ర తెచ్చాడు (చేప లేదు), సారు పట్టిన రెండు రవ్వల్ని రాళ్ళపొయ్యి మీద వేయించి, నావాటా ఆకులో దాచి ఇంటికి వెళ్ళిపోయాడు. సారు ఒక్కరే నా పక్కన కూర్చుని ఉన్నారు, కర్ర కూడా చేతిలో లేదు. మొహమాటానికి "మీరు కాసేపు నడుం వాల్చలేదా సార్?" అన్నాను. "నాకు పట్టదు" అన్నారు. "ఇన్నేండ్లు రాత్రులు చేసినంక నిద్ర మన మాట ఇంటదా? పండుకున్నా అటు ఇటు దొర్లుడే. మీ అక్క పరేషాన్ అయితది. ఇంట్ల గోడలు సూసుడు కంటే ఈడ నీళ్ళు సూసుడు నయమని వస్త. చాపల పిచ్చి అనుకుంటరు అందరు. అననీ." నావైపు తిరిగి, "నువ్వు గురక పెట్టుకుంట పండుకుంటే సూస్తూ కూసున్న. మస్తు అనిపిచ్చింది" అన్నారు. దానికి నేనేం జవాబు చెప్పానో తెలుసా? "చేప చాలా బాగుంది సార్" అన్నాను. ఆకలి మీద ఉన్నాను, ఉద్యోగం పోలేదన్న సంతోషంలో ఉన్నాను, ఆ వయసులో అంతకంటే ఏం తడుతుంది?

ఆ వారంలోనే పగటి కుర్చీకి నా పేరు వచ్చింది. కృతజ్ఞతలు చెబుదామని వెళితే, "గదేం ఇనాం కాదు. మూడు చాపల్ని నా కండ్ల ముంగట పంపించినవ్. నువ్వు నిద్రల ఎన్ని పెట్టెలు ఏ దేశానికి పంపించినవో యాది చేసుకుంటే నాకు భయమైతుంది. నీ చేతిల స్కానరు ఇగ పెట్టను" అన్నారు. టీ తెచ్చిచ్చే కుర్రాడు నాతో నెలరోజులు మాట్లాడలేదు. నేను మాత్రం రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేచి, మా కాలనీలో ఉద్యోగస్తుణ్ణని పేరు తెచ్చుకున్నాను. ఆ ఆనందంలో చెరువువైపు మళ్ళీ వెళ్ళలేదు. సారు మాత్రం రిటైరయ్యేదాకా రాత్రి డ్యూటీలోనే ఉన్నారు, ఆదివారం ఆదివారం ఒక్కరే వెళ్ళేవారట.

మొన్నామధ్య అటుగా పనుండి పాల్మాకుల వెళ్ళి, సారు ఇల్లు వెతుక్కుని పోయాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఇప్పుడు నేనూ ఇన్‌చార్జినే, తల నెరిసింది, పిల్లల చదువులూ అప్పుడప్పుడూ రాత్రి డ్యూటీలూ కలిసి నా నిద్ర మళ్ళీ నా మాట వినడం మానేసింది. ఆ మాట ఆయనతో చెప్పుకోవాలని దారి పొడవునా అనుకుంటూ వెళ్ళాను. వరండాలో మంచం మీద సారు పడుకుని ఉన్నారు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం అంచు మీంచి వేలాడుతూ, గాఢంగా. ఆయన భార్య, ఆనాడు చెప్పిన అక్క, వచ్చి, "గిప్పుడిప్పుడే జర పడుతుంది నిద్ర. లేపమంటవా?" అంది. వద్దు వద్దన్నాను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన ఊపిరి తీస్తూ వదులుతూ ఉంటే ఊరికే చూస్తూ ఉండాలనిపించింది. ఆనాడు చెరువు గట్టు మీద ఆయనకి ఏమనిపించిందో అప్పుడు తెలిసింది, నిజంగా మస్తుగానే ఉంది. చూస్తూ చూస్తూ నాకెప్పుడు కళ్ళు మూతలు పడ్డాయో మాత్రం తెలీలేదు.

తెలివొచ్చేసరికి ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. సారు మంచం మీద లేచి కూర్చుని నన్నే చూస్తున్నారు. మా ఇద్దరి మధ్యా స్టూలు మీద రెండు గ్లాసుల టీ, రెండూ మీగడ కట్టి ఉన్నాయి. ఆయనా నన్ను లేపలేదు. గుమ్మంలోంచి అక్క, "ఇన్నేండ్లకు కలిసిన్రు, ఏం మాట్లాడుకుంటరో అనుకుంటే ఇద్దరు కలిసి పండుకున్నరు. గింతేనా మీ ముచ్చట?" అని కోప్పడింది. సారు నావైపు చూశారు, నేను సారువైపు చూశాను, ఇద్దరం ఆ చల్లారిన టీయే తాగేశాం. ఇంటికొస్తూ దారిలో ఆలోచించాను. మా ఇద్దరికీ అంతకంటే మంచి ముచ్చట అంతకుముందెప్పుడూ జరగలేదు.